పనికీ ఒక పథ్యం

పాఠ్యభాగ పరిచయం

ఉద్యోగి అనారోగ్యంతో సెలవు పెట్టడం సహజం. ఆ సెలవు ముగిసిన తరువాత తిరిగి పనిలో కుదురుకోవడం మాత్రం అనుకున్నంత సులభం కాదు. ఆ తిరుగు ప్రయాణంలో, తొలి వారాలలోనే అందే చిన్న చిన్న సహాయాలు ఎంత మేలు చేస్తాయో ఈ వ్యాసం తెలుపుతుంది. నిజామాబాద్, బోధన్ ప్రాంతాల శ్రమజీవనం దీనికి నేపథ్యం.

పాఠ్యభాగం

తెలుగువారి ఇళ్ళలో జ్వరం తగ్గిన మనిషికి వెంటనే పూర్తి భోజనం పెట్టరు. మొదట జావ పోస్తారు. ఒకటి రెండు రోజులు గడిచాక మెత్తని అన్నంలో చారు పోసి తినిపిస్తారు. ఆ తరువాత బీరకాయ కూరో, పొట్లకాయ కూరో వండి పథ్యం పెడతారు. ఒంట్లో బలం చేరిందని నమ్మకం కుదిరాకనే అందరితో కలిపి విస్తరి వేస్తారు. పథ్యం అంటే పథం నుండి, అనగా మార్గం నుండి తొలగనిది అని అర్థం. రోగిని పస్తు ఉంచడమూ పథ్యం కాదు, ఒక్కసారిగా అన్నీ తినిపించడమూ పథ్యం కాదు. శరీరం ఎంత స్వీకరించగలదో తెలుసుకొని, అంతే ఇస్తూ, క్రమంగా పెంచుతూ పోవడమే అందులోని కీలకం.

ఆహారం విషయంలో ఇంతటి వివేకం చూపిన సమాజం, పని విషయంలో దానిని తరచుగా మరచిపోతుంది. కార్యాలయాలలో, కర్మాగారాలలో సాధారణంగా రెండే మాటలు వినిపిస్తాయి. ఒకటి ‘సిక్’, రెండవది ‘ఫిట్’. ఫిట్‌నెస్ సర్టిఫికెట్ చేతికి వచ్చే ముందు రోజు వరకు ఉద్యోగి ఏ పనికీ పనికిరానివాడు. మరునాడు ఉదయం అన్ని పనులకూ పనికివచ్చేవాడు. నిజానికి మానవ శరీరం ఒక్క రాత్రిలో అట్లా మారదు. ఈ రెండు స్థితుల నడుమ కొన్ని రోజులో, కొన్ని వారాలో సాగే ఒక దశ ఉన్నది. ఆ దశలో ఎవరూ చేయి అందించకపోవడం వల్లనే అనేకమంది ఉద్యోగుల సెలవులు అవసరానికి మించి సాగిపోతున్నాయి. కొందరి విషయంలో ఆ సెలవే ఉద్యోగానికి ముగింపు అవుతున్నది.

వృత్తికీ వ్యాధికీ గల సంబంధాన్ని వైద్యలోకం గుర్తించి మూడు శతాబ్దాలు దాటింది. ఇటలీకి చెందిన వైద్యుడు బెర్నార్డినో రామజ్జిని 1700లో శ్రామికుల వ్యాధులను గురించి ఒక గ్రంథం వెలువరించాడు. వైద్యులు రోగిని అడిగే ప్రశ్నలకు ఆయన మరొక ప్రశ్నను చేర్చమన్నాడు. నీవు చేసే పని ఏమిటి అన్నదే ఆ ప్రశ్న. పని వల్ల వ్యాధి ఎట్లా వస్తుందో తెలుసుకోవడానికి ఆ ప్రశ్న ఎంత అవసరమో, వ్యాధి తగ్గిన మనిషిని తిరిగి పనిలోకి పంపడానికి కూడా అంతే అవసరం. బల్ల ముందు కూర్చొని లెక్కలు రాసే గుమాస్తాకు చాలినంత ఆరోగ్యం, బాయిలరు వద్ద నిలబడే కార్మికునికి చాలదు.

ఇందూరు అని పూర్వనామం గల నిజామాబాద్ ప్రాంతం శ్రమకు పుట్టినిల్లు. మంజీరా నదిపై 1923లో ప్రారంభమై 1931లో పూర్తయిన నిజాంసాగర్ నీటితో ఇక్కడి భూములు చెరకు తోటలయ్యాయి. ఆ చెరకును ఆధారం చేసుకొని 1937లో బోధన్ సమీపంలోని శక్కర్‌నగర్‌లో నిజాం షుగర్ ఫ్యాక్టరీ స్థాపితమైంది. ఒకప్పుడు ఆసియాలోని పెద్ద చక్కెర కర్మాగారాలలో ఒకటిగా అది పేరు పొందింది. చక్కెర తయారీ అంటే ఒక్క పని కాదు. కాటా మీద చెరకు బండ్లు తూచడం, గానుగ యంత్రాలకు చెరకు అందించడం, బాయిలర్లను మండించడం, రసాన్ని శుద్ధి చేసి చిక్కబరచడం, చక్కెరను వేరుచేయడం, బస్తాలకెత్తి కుట్టడం, గోదాములో పేర్చడం వంటి పనులెన్నో ఉంటాయి. వేడి, బరువు, రాత్రి షిఫ్టు ఆ పనులకు తోడు. చెరకు ఆడే సీజను కొద్ది నెలలే ఉంటుంది. ఆ నెలలలో యంత్రం రాత్రింబగళ్ళు ఆగదు. శాశ్వత కార్మికులతోపాటు సీజను కార్మికులు కూడా ఈ పరిశ్రమలో ఉంటారు. సీజను మధ్యలో జబ్బుపడిన కార్మికునికి కలిగే భయం ఎంతటిదో దీనిని బట్టి ఊహించవచ్చు.

ఒక చక్కెర కర్మాగారంలో బస్తాల విభాగంలో పనిచేసే కార్మికుడు ఒకడు ఉన్నాడనుకుందాం. బస్తా ఎత్తుతుండగా నడుము పట్టేసింది. డాక్టరు పది రోజులు విశ్రాంతి రాశాడు. పది రోజులు గడిచేసరికి నొప్పి సగానికి సగం తగ్గింది. అయితే మళ్ళీ బస్తా ఎత్తగలనన్న ధైర్యం అతనికి కలుగలేదు. ఈలోగా ఫ్యాక్టరీ నుండి పలకరించినవారు లేరు. తన చోట మరొకరిని పెట్టారన్న మాట మాత్రం చెవిన పడింది. సెలవు పొడిగించాడు. నెల దాటింది. కదలిక తగ్గడంతో నడుము మరింత బిగుసుకుపోయింది. ఇంట్లో ఖర్చులు పెరిగాయి. తోటివారు ఏమనుకుంటున్నారో అన్న సంకోచంతో వారికి ఎదురుపడడం మానుకున్నాడు. మొదట అతనిని ఇంట్లో కూర్చోబెట్టింది నడుము నొప్పి. తరువాత కూర్చోబెట్టింది భయం, సిగ్గు, ఎవరూ పలకరించని మౌనం. వీటికి ఏ మందుల దుకాణంలోనూ మందు దొరకదు.

అదే కార్మికుని కథను మరొక విధంగా కూడా ఊహించవచ్చు. సెలవు పెట్టిన మూడవ రోజున మేస్త్రీ ఫోను చేశాడు. “తమ్మీ, పానం ఎట్లున్నది? నీ జాగ ఎటూ పోదు. మంచిగైనంక రా” అన్నాడు. రెండవ వారంలో కార్మికుడు, మేస్త్రీ, ఫ్యాక్టరీ వైద్యుడు కలిసి పావుగంట మాట్లాడుకున్నారు. అతడు ఏమి చేయలేడన్నది కాక, ఏమి చేయగలడన్నది ఆ సమావేశంలో చర్చించారు. వంగి బరువు ఎత్తకూడదు, అయితే నిలబడగలడు, నడవగలడు, లెక్క రాయగలడు. కనుక మొదటి రెండు వారాలు బస్తాల లెక్క చూసే పని, అదీ సగం షిఫ్టు మాత్రమే. తరువాతి రెండు వారాలు బస్తా మూతి కుట్టే యంత్రం వద్ద పూర్తి షిఫ్టు. ఆ పైన మరొకరి సాయంతో బరువు ఎత్తడం. ఆరవ వారానికి యథాస్థానం. ఈ ఏర్పాటుకు కొత్త యంత్రం కొనవలసిన పని లేదు, కొత్త భవనం కట్టవలసిన పని అంతకంటే లేదు. ఒక ఫోను, ఒక సమావేశం, ఒక కాగితం చాలాయి.

ఈ రెండవ కథకు పరిశోధనల బలం కూడా ఉన్నది. నడుము నొప్పికి మంచం మీద విశ్రాంతియే మందు అని ఒకప్పుడు నమ్మేవారు. ఫిన్లాండ్‌లో హెల్సింకి నగరపాలక సంస్థ ఉద్యోగులు 186 మందిపై జరిగిన పరిశోధన 1995లో వెలువడింది. కొందరికి రెండు రోజుల పడక విశ్రాంతి, కొందరికి వ్యాయామం నిర్దేశించారు. మిగిలినవారిని నొప్పి అనుమతించినంత మేరకు నిత్యకృత్యాలు కొనసాగించమన్నారు. త్వరగా కోలుకున్నది ఈ మూడవ వర్గంవారే. కెనడాలోని షెర్‌బ్రూక్ ప్రాంతంలో నాలుగు వారాలకు పైగా నడుము నొప్పితో పనికి దూరమైన 130 మంది కార్మికులపై మరొక పరిశోధన జరిగింది. దాని ఫలితాలు 1997లో ప్రచురితమయ్యాయి. కొందరికి వైద్యంతోపాటు పనిచేసే చోట మార్పులు కూడా సూచించారు. కార్మికుడు, యజమాని తరఫువారు, నిపుణుడు కలిసి ఆ పనిని స్వయంగా పరిశీలించారు. ఈ రెండు విధాల సహాయమూ అందినవారు సాధారణ వైద్యం మాత్రమే పొందినవారికంటే 2.4 రెట్లు వేగంగా తమ మామూలు పనికి చేరుకున్నారు. మందు ఒంటికి, మార్పు పనికి అన్నమాట.

ఈ తొలి సహాయాలలో మొట్టమొదటిది పలకరింపు. శ్రీరాముని గుణాలను వర్ణిస్తూ వాల్మీకి ఆయనను పూర్వభాషి అన్నాడు. ఎదుటివారు మాట్లాడేవరకు వేచి ఉండక తానే ముందుగా పలకరించేవాడు పూర్వభాషి. రాజ్యం ఏలవలసినవానికి అది ఒక గుణమైతే, పదిమంది చేత పని చేయించేవానికీ అది గుణమే. జబ్బుపడినవానిని పై అధికారి మొదటి వారంలోనే పలకరించడం ఎంతో అవసరం. అయితే పలకరింపు వేరు, వాకబు వేరు. ఎప్పుడు వస్తావు, నిజంగానే జబ్బా అని అడగడం వాకబు. ఒంట్లో ఎట్లా ఉన్నది, మేము చేయగలిగినది ఏమైనా ఉన్నదా అని అడగడం పలకరింపు. నిజామాబాద్ ప్రాంత ప్రజలు ఎదురుపడితే చాలు, “పానం మంచిగున్నదా?” అంటారు. ప్రాణమనే మాటే ఇక్కడ పానమై, ఆరోగ్యమనే అర్థాన్ని ఇస్తున్నది. వీధిలో అలవోకగా వినిపించే ఈ మాట కార్యాలయం గడప దాటి లోపలికి రావలసి ఉన్నది. వ్యాధి వివరాలు చెప్పాలా వద్దా అన్నది మాత్రం ఉద్యోగి ఇష్టం. అతడు చెప్పిన మాటను పదిమందిలో పెట్టకపోవడం మర్యాద.

రెండవది సకాలంలో జరిగే సంభాషణ. ఫిన్లాండ్ దేశం 2012లో దీనికి ఒక గడువును చట్టంలోనే చేర్చింది. ఉద్యోగి సెలవు 30 రోజులకు చేరగానే యజమాని ఆ విషయాన్ని వృత్తి ఆరోగ్య వైద్యులకు తెలియజేయాలి. 90 రోజులు నిండే లోపల ఉద్యోగిలో మిగిలిన పనిశక్తి ఎంత, తిరిగి పనిచేసే మార్గం ఏమిటి అన్న అంశాలపై వైద్యులు అభిప్రాయం ఇవ్వాలి. తాత్సారం చేయకుండా ఉండడమే ఈ నియమంలోని సారం. మొక్కై వంగనిది మానై వంగునా అన్న సామెత ఇక్కడ కూడా వర్తిస్తుంది. రెండవ వారంలో పావుగంట మాటతో తీరే సమస్య, ఆరవ నెలలో ఎన్ని సమావేశాలు జరిపినా తీరకపోవచ్చు.

మూడవది పనిలో తాత్కాలికమైన మార్పు. బ్రిటన్‌లో 2010 ఏప్రిల్ నుండి వైద్యులు ఇచ్చే ధ్రువపత్రం రూపమే మారింది. అంతకుముందు ఉద్యోగి పనికి తగడు అని మాత్రమే రాసేవారు. కొత్త పత్రంలో, కొన్ని ఏర్పాట్లు చేస్తే పనికి తగవచ్చు అని రాసే వీలు కలిగింది. ఆ ఏర్పాట్లు నాలుగు విధాలు: దశలవారీగా పనిలోకి రావడం, పనివేళలను మార్చడం, పని స్వభావాన్ని మార్చడం, పనిచేసే చోటును అనుకూలంగా సవరించడం. పథ్యమంటే ఇదే. మొదట జావ, తరువాత చారన్నం, ఆ తరువాత పూర్తి భోజనం.

నాలుగవది తిరిగి వచ్చిన తరువాత తీసుకొనే శ్రద్ధ. చాలాచోట్ల ఉద్యోగి హాజరుపట్టీలో సంతకం చేయగానే అంతా ముగిసిందనుకుంటారు. ఇల్లు అలకగానే పండుగ కాదు. మొదటి వారం చివర ఒకసారి, నెల చివర మరొకసారి పని ఎట్లా సాగుతున్నదో అడగాలి. తేలిక పని ఇవ్వడాన్ని సహోద్యోగులు పక్షపాతంగా భావించకుండా ముందుగానే వివరించాలి. రేపు తమకూ ఇదే అవసరం రావచ్చునని తెలిసినప్పుడు వారు తప్పక సహకరిస్తారు.

భారతదేశంలో జబ్బుపడిన కార్మికునికి రక్షణ కల్పించడానికి 1948లో కార్మిక రాజ్య బీమా చట్టం వచ్చింది. ఇ.ఎస్.ఐ.గా అందరికీ తెలిసిన ఈ పథకం 1952 ఫిబ్రవరి 24న కాన్పూరు, ఢిల్లీ నగరాలలో ప్రారంభమైంది. నిర్ణీత అర్హతలున్న కార్మికుడు జబ్బుపడితే ఏడాదిలో 91 రోజుల వరకు వేతనంలో 70 శాతం పొందేందుకు ఈ పథకం అవకాశమిచ్చింది. క్షయ, క్యాన్సరు వంటి 34 దీర్ఘవ్యాధుల విషయంలో 80 శాతం చొప్పున రెండేళ్ళ వరకు పొడిగించే ఏర్పాటు చేసింది. జబ్బు భృతి పొందుతున్న కాలంలో కార్మికుని తొలగించరాదని 1948 నాటి చట్టంలోని 73వ సెక్షను శాసించింది. 2020 నాటి సామాజిక భద్రతా స్మృతిలో ఈ పథకానికి కూడా స్థానం లభించింది. సెలవు కాలంలో ఇల్లు గడవడానికి భృతి తోడ్పడుతుంది. పనిలోకి తిరిగి చేర్చే బాధ్యత మాత్రం పనిచేసే చోటుదే.

ఆ బాధ్యతను న్యాయస్థానాలు కూడా గుర్తుచేశాయి. రోడ్డు రవాణా సంస్థలో వర్ణాంధత్వం కారణంగా డ్రైవరు పనికి తగడని వైద్యపరీక్షలో తేలిన ఉద్యోగికి మరొక పని చూపకుండా ఉద్యోగం నుండి విరమింపజేశారు. అటువంటి డ్రైవర్లకు ప్రత్యామ్నాయ ఉద్యోగం ఇవ్వాలని కార్మిక సంఘాలతో 1979లోనే ఒప్పందం కుదిరింది. తెలంగాణకు చెందిన ఈ వివాదంలో సుప్రీంకోర్టు 2025 ఆగస్టు 1న తీర్పు చెప్పింది. అతనికి తగిన ఉద్యోగం ఇవ్వాలని సంస్థను ఆదేశించింది. స్టీరింగు పట్టలేనివాడు టికెట్ల లెక్క చూడగలడు, డిపోలో మరొక పని చేయగలడు. ఆ విషయాన్ని మొదటి నెలలోనే ఆలోచించి ఉంటే, దాదాపు పదేళ్ళ పోరాటం తప్పేది. గోటితో పోయేదానికి గొడ్డలి అవసరం పడడమంటే ఇదే. ఉద్యోగంలో ఉండగా వైకల్యం పొందినవారిని ప్రభుత్వ సంస్థలు తొలగించరాదని, అవసరమైతే అదే వేతనంతో వేరే పని చూపాలని 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం కూడా స్పష్టం చేసింది.

అయితే ఈ పద్ధతికి ఒక హద్దు ఉన్నది. తొందరగా పిలవడం వేరు, తొందరపెట్టడం వేరు. అంటువ్యాధి ఉన్నవారికి, శస్త్రచికిత్స గాయం మానని వారికి, విశ్రాంతియే ఔషధమైనవారికి ఆ విశ్రాంతి దక్కాలి. వైద్యుని మాటను కాదని, సెలవు మిగుల్చుకోవడం కోసం రోగిని పనిలోకి లాగడం సహాయం అనిపించుకోదు. తేలిక పని పేరుతో జీతం తగ్గించడం, చులకనైన పని అప్పగించి అవమానించడం కూడా తగదు. పథ్యం పెట్టే చేయి ఆప్తుని చేయి కావాలి.

ఇంతవరకు చెప్పినదంతా, తిరిగి వెళ్ళడానికి ఒక చోటు ఉన్నవారి సంగతి. ఆ చోటే లేనివారి మాట ఏమిటి? నిజామాబాద్ పరిసర గ్రామాలలో ఎందరో స్త్రీలు తునికాకు, తంబాకు ఇంటికి తెచ్చుకొని బీడీలు చుడతారు. వెయ్యి బీడీలకు ఇంత అని కూలి. గంటల తరబడి తల వంచి కూర్చోవడం వల్ల మెడ, భుజాలు, నడుము నొప్పి పెడతాయి. బీడీ కార్మికుల సంక్షేమం కోసం 1976లో వచ్చిన చట్టం మూలంగా వైద్యశాలలు ఏర్పడ్డాయి. అవి మందు ఇవ్వగలిగాయి. కాని ఇంటి అరుగు మీద పనిచేసే ఆ స్త్రీకి చేట పక్కన పెట్టిన రోజు కూలి లేని రోజే. ఆమె సెలవు పొడిగించుకోదు. నొప్పితోనే పొడిగించుకొనేది పనిని.

బోధన్ చక్కెర కార్మికులకు ఎదురైన కష్టం మరొక రకమైనది. నిజాం షుగర్స్‌లో 51 శాతం వాటా 2002లో ప్రైవేటు సంస్థకు చేరింది. 2015 డిసెంబరులో లేఆఫ్ ప్రకటించి ఫ్యాక్టరీని మూసివేశారు. అంతకు ముందురోజు వరకు సెలవులో ఉన్నవాడైనా, షిఫ్టులో ఉన్నవాడైనా ఆనాడు ఒక్కటే అయ్యారు. ఒంట్లో సత్తువ ఉండి కూడా వెళ్ళడానికి గేటు లేకపోవడం ఎటువంటిదో శక్కర్‌నగర్ కార్మిక కుటుంబాలు అనుభవించాయి. పని అంటే జీతం మాత్రమే కాదని, ఉదయం లేచి వెళ్ళడానికి ఒక చోటు, అక్కడ పేరు పెట్టి పిలిచే నలుగురు మనుషులు కూడా అని ఆ అనుభవం తెలిపింది. జబ్బుపడి ఇంట్లో ఉన్న ఉద్యోగి పోగొట్టుకుంటానేమోనని భయపడేది కూడా ఆ చోటునే, ఆ మనుషులనే. అందుకే తొలి వారంలో వచ్చే పలకరింపునకు అంత విలువ.

నేటి విద్యార్థులే రేపటి గుమాస్తాలు, మేస్త్రీలు, వైద్యులు, అధికారులు. ఈ పద్ధతిని అభ్యసించడానికి వారు ఉద్యోగం వచ్చేవరకు ఆగనక్కరలేదు. పచ్చకామెర్లో, టైఫాయిడో వచ్చి నెలరోజులు కళాశాలకు రాని సహాధ్యాయి ప్రతి తరగతిలోనూ ఒకరుంటారు. పాఠాలు దాటిపోయాయన్న బెంగతో అటువంటివారు చదువే మానుకొనే ప్రమాదం ఉన్నది. మొదటి వారంలో ఒకరు వెళ్ళి పలకరించడం, రెండవ వారంలో నోట్సు అందించడం, వచ్చిన రోజున పక్కన చోటు ఉంచడం పెద్ద పనులు కావు. చోటు తనకోసం ఉన్నదని తెలిసిన మనిషి తిరిగి రావడానికి తానే దారి వెతుక్కుంటాడు.

కఠిన పదాలకు అర్థాలు

పథ్యం : రోగికి హితమైన ఆహారం
పస్తు : ఉపవాసం, తిండి లేకుండుట
వాకబు : విచారణ, ఆరా
తాత్సారం : ఆలస్యం, జాగు
భృతి : జీవనం గడవడానికి ఇచ్చే ధనం
వర్ణాంధత్వం : రంగుల భేదం తెలియని దృష్టిలోపం
ప్రత్యామ్నాయం : ఒకదానికి బదులుగా మరొకటి
ఆప్తుడు : మేలు కోరేవాడు
సహాధ్యాయి : కలిసి చదువుకొనే వ్యక్తి

ప్రశ్నలు

I. వ్యాసరూప సమాధాన ప్రశ్నలు
1. సెలవు నుండి తిరిగి వచ్చే ఉద్యోగికి అందవలసిన నాలుగు రకాల తొలి సహాయాలను వివరించండి.
2. ‘పనికీ ఒక పథ్యం’ అనే శీర్షిక ఔచిత్యాన్ని చర్చించండి.

II. సంగ్రహ సమాధాన ప్రశ్నలు
1. పలకరింపునకు, వాకబుకు గల భేదం ఏమిటి?
2. బస్తాల విభాగం కార్మికుని రెండు కథలలోని తేడాను తెలపండి.
3. బీడీ కార్మికురాలి పరిస్థితి ఫ్యాక్టరీ కార్మికుని పరిస్థితికి ఏ విధంగా భిన్నమైనది?

III. ఏకవాక్య సమాధాన ప్రశ్నలు
1. రోగిని వృత్తిని గురించి అడగమని వైద్యులకు సూచించినవారు ఎవరు?
2. పూర్వభాషి అంటే ఎవరు?
3. నిజాంసాగర్ ఏ నదిపై నిర్మితమైంది?